తమను తాము గాయపరచుకొనే పిల్లలకు మెదడు గురించి చెప్పడం మేలా, కీడా?

జూనియర్ కళాశాల అధ్యాపకురాలు:
మా కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక అమ్మాయి తనను తాను గాయపరచుకుంటోందని ఈ మధ్య తెలిసింది. వారాంతపు పరీక్ష మార్కులు ఆమెకు తెలిసేలోపే వాళ్ల నాన్నగారి ఫోనుకు చేరతాయి. హాస్టల్‌కు ఆయన ఫోను వచ్చిందంటే ఆమెకు చెమటలు పడతాయి. నలుగురి దృష్టిలో పడాలనే ఇదంతా చేస్తోందని మొదట తల్లిదండ్రులు అన్నారు. ఒత్తిడికి ఆమె మెదడు స్పందించే తీరులో తేడా ఉందని కౌన్సెలర్ చెప్పగానే, ‘‘అయితే ఇది జబ్బా? చదువు మాన్పించాలా?’’ అని తండ్రిగారు అడిగారు. ఇలాంటి వివరణ ఇవ్వడం సబబేనా?

ఇద్దరు పిల్లల తండ్రి:
సబబు కాదని నా అభిప్రాయం. పదహారేళ్ల పిల్లకు నీ మెదడే అంత అని చెబితే, ఆ మాటను పట్టుకొని ప్రయత్నం మానేస్తుంది. ఇంట్లో, కళాశాలలో ఉన్న కారణాలను వదిలేసి తప్పంతా తలలోకి నెట్టడం పెద్దలకు సులువైన దారి.

క్లినికల్ సైకాలజిస్టు:
పై అభ్యంతరంలో సగం నిజముంది. ముందు మిగతా సగం సంగతి చెబుతాను. ఈ పిల్లల్లో చాలామంది గాయాలను దాచుకుంటారే గాని చూపించుకోరు. మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో కౌమారులు ఎక్కువగా చెప్పిన కారణం భరించలేని భావాల నుంచి తప్పించుకోవడం. ఇది అరుదైన విషయమూ కాదు; చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా ఒక్కసారైనా ఇలా చేసిన కౌమారులు సుమారు 17 శాతమని 2014 నాటి ఒక అంతర్జాతీయ సమీక్ష లెక్కగట్టింది.

ఇక మెదడు. ముప్పును, అవమానాన్ని చప్పున పసిగట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం ఈ వయసులో బాగా చురుగ్గా ఉంటుంది; దానికి పగ్గం వేయవలసిన ముందరి మెదడు మాత్రం ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఒక ఒత్తిడి పరీక్షలో, ముఖంలో ఏ భావమూ కనబడనివ్వని నిర్ణేతల ముందు ప్రసంగించి, ఆపైన 1022 నుంచి 13 చొప్పున గబగబా తీసివేస్తూ పోవాలి, తప్పితే మళ్లీ మొదటి నుంచి. (మన కార్పొరేట్ కళాశాలల పిల్లలకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు.) అప్పుడు సాధారణంగా కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. జర్మనీలోనే హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తమను గాయపరచుకొనే కౌమారుల్లో ఆ పెరుగుదల తక్కువగా కనిపించింది. వాళ్లకు ఒత్తిడి లేదని దీని అర్థం కాదు. దీర్ఘకాలం ఒత్తిడిని మోసి, ఒత్తిడికి స్పందించే శరీర వ్యవస్థ మొద్దుబారి ఉండవచ్చని ఒక వ్యాఖ్యానం. గాయం వల్ల కలిగే ఉపశమనం క్షణికం. వెనువెంటనే సిగ్గు, అపరాధభావం వచ్చి చేరి అసలు బాధను ఇంకా పెంచుతాయి.

ఇప్పుడు ఆ నిజమైన సగం. హైడెల్‌బర్గ్ అధ్యయనంలో ఉన్నది గాయపరచుకొనేవారు 14 మంది, పోలిక కోసం తీసుకున్నవారు 14 మంది. అవి గుంపుల సగటులు. ఏ స్కానూ ఒక పిల్లను చూపించి ‘ఈమె ఇలా చేస్తుంది’ అనలేదు. పైగా చిన్ననాటి హింస, నిర్లక్ష్యం కూడా కార్టిసాల్ తీరును మార్చగలవు కనుక ఏది కారణమో, ఏది ఫలితమో ఇలాంటి అధ్యయనాలు తేల్చలేవు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్ఎం-5 (2013) కూడా స్వీయగాయాన్ని ఖరారైన రుగ్మతగా కాక, ఇంకా అధ్యయనం చేయవలసిన స్థితిగానే ఉంచింది. అందుచేత చదువు మాన్పించనక్కరలేదు. అలాగని తేలిగ్గా తీసుకోనూ కూడదు, ఎందుకంటే ఈ పిల్లల్లో తర్వాత ఆత్మహత్యాయత్నానికి ముప్పు ఎక్కువ. నేనైతే ‘నీ మెదడు ఇంతే’ అనను. ‘ఉద్వేగాన్ని దాటించే పద్ధతులు నేర్చుకోవచ్చు’ అంటాను. అమెరికన్ సైకాలజిస్టు మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) చికిత్స నేర్పేది అదే. 2018లో ప్రచురితమైన ప్రయోగంలో ఆరు నెలల చికిత్స ముగిసేసరికి, పోల్చిన మరో చికిత్స కంటే అది స్వీయగాయాలను ఎక్కువగా తగ్గించింది.

ఇద్దరు పిల్లల తండ్రి:
బాగుంది. అయితే పిల్లకు శిక్షణ ఇచ్చి, ఆ మార్కుల సందేశాన్ని అలాగే ఉంచుతారా?

క్లినికల్ సైకాలజిస్టు:
ఉంచకూడదు. మార్కులు ముందు విద్యార్థి చేతికి అందాలి, ఇంటికి చెప్పేటప్పుడు ఆమె పక్కన ఒక అధ్యాపకులు ఉండాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

జూనియర్ కళాశాల అధ్యాపకురాలు:
సందేశాల విషయం సోమవారం ప్రిన్సిపాల్ గారి ముందు పెడతాను. తండ్రిగారితో మాత్రం మెదడు మాట తర్వాత ఎత్తుతాను. ముందు ఆ ఫోను గురించే మాట్లాడాలి.