ఫ్రాంక్లిన్ మింట్ వెండి పతకాలు: వెండి లెక్కన కొనొచ్చా?

గోదారిగట్టు:
మేముండేది న్యూజెర్సీలో. మా వీధిలో ఒకరు ఇంటి సామానంతా అమ్మేస్తున్నారు. అందులో ఫ్రాంక్లిన్ మింట్ (సేకరించేవాళ్ల కోసం పతకాలు ముద్రించే అమెరికా ప్రైవేటు కంపెనీ) వాళ్ల అమెరికా చరిత్ర వెండి పతకాలు పెట్టె నిండా ఉన్నాయి. మొత్తం కలిపి ఒక రేటు చెబుతున్నారు. నాకు పతకాల మోజు లేదు, పిల్లల పేరు మీద కాస్త వెండి దాచాలని ఉందంతే. వీటిని వెండి బిస్కెట్లలాగే చూడొచ్చా? పాతవని ఎక్కువ పెట్టాలా?

వెండికొండ (డల్లాస్):
గోదారిగట్టు గారూ, కొనండి, కానీ తూకానికే కొనండి. పాతవని పైసా ఎక్కువ పెట్టొద్దు. ఆ ఒక్క సిరీస్‌లోనే 200 పతకాలు, చందా కట్టినవాళ్లందరికీ పంపారు. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దాకా ఎగబాకినప్పుడు ఇలాంటివి కుప్పలుగా కరిగించేశారు. అయినా ఇప్పటికీ కావలసినన్ని దొరుకుతున్నాయి. ఇవంటే నాకు ప్రాణం, అయినా మీకు చెప్పేది ఇదే.

ముందు అంచు చూడండి. భూతద్దం పెడితే స్టెర్లింగ్ అని సన్నటి అక్షరాలు కనిపించాలి. బంగారు పూత వేసినవి ఉంటే మరీ జాగ్రత్త, పూత కింద వెండి ఉందో కంచు ఉందో ఆ అంచే చెబుతుంది. స్టెర్లింగ్ అంటే 92.5 శాతం వెండి. గ్రాముల్లోనే తూచండి. వెండి ధర చెప్పే ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, వంటింటి త్రాసులో ఔన్సు 28.35 మాత్రమే. ఆ రెండూ కలిపేస్తే దాదాపు పదో వంతు అదనంగా ఇచ్చుకుంటారు.

ఏదైనా అనుమానంగా ఉంటే నేను చేసేది ఇది: త్రాసు మీద గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేస్తాను. పతకాన్ని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచుతాను. 62 గ్రాముల స్టెర్లింగ్ అయితే త్రాసు 6 గ్రాముల దగ్గర ఆగుతుంది. 7 దాటిందా, అది ఇత్తడో జర్మన్ సిల్వరో (పేరులో తప్ప దాంట్లో వెండి ఉండదు). అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు, అది ఇత్తడికీ అంటుకోదు.

అమ్మేటప్పుడు శుద్ధి ఖర్చు పేరుతో స్పాట్ ధరలో, అంటే అప్పటి మార్కెట్ రేటులో, కొంత కోస్తారు, కొనేటప్పుడే ఆ మేరకు తగ్గించి అడగండి. రిటైర్మెంట్ ఖాతాలో పెట్టడానికి మాత్రం ఇవి పనికిరావు, దానికి 99.9 శాతం వెండి కావాలి.

తెనాలి వెండిషాపు:
ఇక్కడా అదే లెక్కండీ. 2023 ఆగస్టులో రాష్ట్రపతి గారు విడుదల చేసిన ఎన్టీఆర్ గారి వంద రూపాయల నాణెం బరువు 35 గ్రాములు, వెండి సగమే, అంటే 17.5 గ్రాములు. అమ్మింది మూడున్నర వేలకు పైగానే. మిగతాదంతా అభిమానానికి పెట్టిన డబ్బు, అది తప్పని నేను అనను, మా ఇంట్లోనూ ఒకటుంది. కానీ వెండి కోసం కొన్నామని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. పైగా నాణేన్ని కరిగించడం 2011 కాయినేజ్ చట్టం ప్రకారం నేరం. పతకానికి ఆ అడ్డు లేదు.

గోదారిగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలు. శనివారం గ్రాముల త్రాసు పట్టుకెళ్తున్నాను. కొన్ని బాగా నల్లబడ్డాయి అన్నయ్యా, తోమించమని అడగనా?

వెండికొండ (డల్లాస్):
వద్దు తమ్ముడూ. నలుపు వల్ల వెండి విలువేమీ తగ్గదు, గట్టిగా రుద్దితే అద్దంలాంటి ఆ మెరుపు గీతలు పడి పోతుంది. ప్లాస్టిక్ డబ్బీల్లోంచి బయటికి తీసి మాత్రం తూచండి.