ఫిట్‌బిట్ నుంచి గార్మిన్‌కి మారాక అడుగులు తగ్గాయి, పాత లెక్కలు ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. దాదాపు మూడేళ్లు ఫిట్‌బిట్ ఇన్‌స్పైర్ 3 అనే అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ చేతికి పెట్టుకున్నాను. ఈ ఏడాది 10కె పరుగుకు సిద్ధమవుదామని, వాచీలోనే జీపీఎస్ ఉంటుందని గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 తీసుకున్నాను. పొద్దున కాలనీ పార్కు చుట్టూ అదే నడక, అవే రౌండ్లు. పాతదాంట్లో రోజుకు పదకొండు వేల అడుగులు వచ్చేవి, ఇప్పుడు తొమ్మిదిన్నర వేలు దాటడం లేదు. ఐదు కిలోమీటర్లు అనుకున్న నడక 4.6 చూపిస్తోంది. రెస్టింగ్ హార్ట్ రేట్ (విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి గుండె కొట్టుకునే వేగం) 64 ఉండేది, 58 అయింది. గుండెకు ఏమైనా అయిందేమోనని టెన్షన్‌గా ఉంది. మూడేళ్ల నిద్ర, బరువు లెక్కలన్నీ పాత యాప్‌లోనే ఉండిపోయాయి. ఎవరైనా ఇలా మారినవాళ్లుంటే చెప్పండి.

జవాబు:
అక్కా, నేనూ ఇలాగే మారాను. ముందు గుండె సంగతి చెప్తాను, మీ కంగారు దాని గురించే కదా. గార్మిన్ 24 గంటల్లో అన్నిటికంటే తక్కువగా ఉన్న అరగంట సగటును రెస్టింగ్ హార్ట్ రేట్‌గా తీసుకుంటుంది. అది చాలామందికి నిద్రలో పడుతుంది. ఫిట్‌బిట్ మెలకువలో కదలకుండా ఉన్నప్పటి వేగాన్నీ నిద్రలోదాన్నీ కలిపి అంచనా వేస్తుంది. అందుకే మారగానే కొన్ని అంకెలు తగ్గడం మామూలే. కళ్లు తిరగడం, ఆయాసం లాంటివి ఉంటే మాత్రం ఏ వాచీ లెక్కా చూడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

దూరం గురించి ఒక మాట అడుగుతాను. పాత బ్యాండ్‌తో నడిచేటప్పుడు ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లేవారా? ఇన్‌స్పైర్ 3లో సొంత జీపీఎస్ లేదు, ఫోన్‌ది వాడుకుంటుంది. ఫోన్ లేకపోతే అడుగుల సంఖ్యను అడుగు పొడవుతో గుణించి దూరం చెబుతుంది. ఆ పొడవు కూడా మీ ఎత్తును బట్టి వేసుకున్న అంచనాయే. కొత్త వాచీ ఉపగ్రహాలతో కొలుస్తోంది. పార్కులో చెట్లు మరీ దట్టంగా లేకపోతే నేను 4.6నే నమ్ముతాను. బయలుదేరే ముందు ఆరుబయట నిలబడి, సిగ్నల్ దొరికిందని వాచీ చెప్పేదాకా ఆగండి.

అడుగులకైతే ఒక వారం రెండూ పెట్టుకోండి. ఒక్కో చేతికి ఒకటి. మూడు రోజులయ్యాక చేతులు మార్చండి, ఎందుకంటే వంటా రాతా చేసే చేయి ఎక్కువ ఊగుతుంది. చపాతీ పిండి కలిపినా అడుగులు పడతాయి, కూరగాయల సంచి పట్టుకున్న చేయి ఊగకపోతే నిజం అడుగులూ పోతాయి. ఏ ఊపును అడుగుగా ఎంచాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. ఒకరోజు పార్కులో వెయ్యి అడుగులు నోటితో లెక్కపెడుతూ నడవండి. అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. గాజులకు తగిలేలా కాకుండా, మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, వదులు లేకుండా కట్టుకోండి. వాచీ వెనకున్న ఆకుపచ్చ లైటు చర్మానికి ఆనుకుని ఉంటేనే గుండె వేగం సరిగ్గా వస్తుంది.

పాత డేటాకి గూగుల్ టేకౌట్ (గూగుల్‌లో ఉన్న మన డేటాను దింపుకునే పేజీ) తెరిచి, అన్నిటి టిక్కులూ తీసేసి ఫిట్‌బిట్ ఒక్కదానికే టిక్ పెట్టండి. డౌన్‌లోడ్ లింకు మెయిల్‌కి వస్తుంది. వారం దాటితే పనిచేయదు, వెంటనే దింపి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అన్నిటినీ కొత్త యాప్‌లోకి ఎక్కించాలని కష్టపడకండి. నేను బరువును మాత్రం నెలకు ఒక్కటి చొప్పున చేత్తో ఎక్కించాను, అది చాలు. నిద్ర దశలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల నాకైతే ఏ ఉపయోగమూ కనబడలేదు.

ఇంకొకరు:
నాదీ ఇదే సందేహం అండీ. వయసు 58, బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను. ఎంత వేగంగా నడిచినా కొత్త వాచీ "తేలిక" అనే చూపిస్తోంది.

జవాబు:
సార్, మీది ముఖ్యమైన విషయం. వాచీ మొదట 220లోంచి వయసు తీసేసి, మీ గుండె గరిష్ఠ వేగం 162 అనుకుంటుంది. మీ మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని ఎక్కువ పెరగనివ్వవు, కాబట్టి ఆ లెక్క మీకు సరిపోదు. జోన్లను (ఏ గుండె వేగం తేలిక, ఏది కష్టం అని వాచీ వేసుకునే హద్దులను) చేత్తో మార్చుకోవచ్చు, కానీ ఏ అంకె పెట్టాలో మీ డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా మాట పరీక్ష వాడండి. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. వారానికి కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఆ శ్రమనే. వాచీ మెచ్చుకోవాలని మాత్రం వేగం పెంచకండి.

మొదట అడిగినవారు:
వారం అయింది. వెయ్యి అడుగులు లెక్కపెట్టాను. పాతది 1,038, కొత్తది 991 చూపించాయి. నడిచేటప్పుడు ఇంత దగ్గరగా ఉన్నాయంటే, మిగతా తేడా వంటింట్లోదే అని అర్థమైంది. ఫోన్ సంగతి మీరు చెప్పిందే నిజం, ఇంట్లో పెట్టే వెళ్లేదాన్ని. 10,000 లక్ష్యం తీసేసి 9,000 పెట్టుకున్నాను.

జవాబు:
మంచి పని చేశారు. ఆ పదివేలు వైద్యులు తేల్చిన హద్దు కాదు. 1960ల్లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. ఇంకొకటి, ఆండ్రాయిడ్ అయితే, ఆరోగ్య యాప్‌లు లెక్కలు పంచుకునే హెల్త్ కనెక్ట్‌లో పాత యాప్‌కి అడుగులు రాసే అనుమతి తీసేయండి. రెండూ రాస్తుంటే వేరే యాప్‌లలో లెక్క కలగాపులగం అవుతుంది.

మొదట అడిగినవారు:
తీసేశాను. పాత బ్యాండ్ అమ్మకి ఇద్దామనుకుంటున్నాను. ఏమైనా చేయాలా?

జవాబు:
టేకౌట్ ఫైలు తెరుచుకుంటోందో లేదో ముందు చూసుకోండి. తర్వాత బ్యాండ్‌లోని డేటా చెరిపేసి, మీ యాప్‌లోంచి ఆ పరికరాన్ని తొలగించండి. అకౌంటు మాత్రం తొలగించకండి. అమ్మగారి ఫోన్‌లో ఆవిడ ఎత్తు, బరువు, పుట్టిన తేదీతో కొత్తగా మొదలుపెట్టండి, మీ వివరాలే ఉంటే ఆవిడ దూరమూ క్యాలరీలూ తప్పుగా వస్తాయి.