ఓఇల్‌జాంగ్‌లో కొంటే డబ్బు రైతుకే చేరుతుందా?

తెజాన్ తెలుగు:
కొరియాలో రైతు దగ్గరే కూరగాయలు కొనాలంటే ఐదు రోజులకోసారి జరిగే సంతకి, అంటే ఓఇల్‌జాంగ్‌కి, వెళ్లమని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతుంటారు. నేను ఒప్పుకోను. అక్కడ పెద్ద పందిళ్లు వేసేవాళ్లలో చాలామంది ఇవాళ ఒక ఊరు, రేపు ఇంకో ఊరు తిరిగే వర్తకులు. వాళ్ల సరుకు సియోల్‌లోని కారక్ లాంటి హోల్‌సేల్ మార్కెట్ల నుంచి వస్తుంది. రైతు సరుకే కావాలంటే లోకల్ ఫుడ్ అంగడికి వెళ్లండి. వాంజులోని యోంగ్‌జిన్ సహకార సంఘం 2012లో తెరిచిన అంగడి దీనికి దారి చూపింది. రైతు పొద్దున్నే కోసి, తనే కట్టలు కట్టి, తన పేరూ తాను నిర్ణయించిన ధరా ఉన్న లేబుల్ అంటించి అరలో సర్దుతాడు. ఆకుకూరలకు ఆ ఒక్కరోజే గడువు. మిగిలితే తనే వెనక్కి తీసుకెళ్లాలి.

పల్నాడు మిర్చి:
పందిళ్ల సంగతి నిజమే. కానీ సంతంటే పందిళ్లేనా? అంచుల్లో, నేలమీద గుడ్డ పరిచి కూర్చునే అవ్వలను చూడండి. రెండు మూడు రకాలే ఉంటాయి, అవీ కొద్దికొద్దిగా, వేర్లకు మట్టితో. మార్చిలో నేంగి అనే అడవి ఆకుకూర, ఏప్రిల్‌లో తురుప్ అనే చెట్టు చిగుళ్లు ఉంటాయి. బుట్ట లెక్కన కొనాలి, కొసరు అడక్కుండానే వేస్తారు. అన్నీ ఒకే సైజులో, పక్కన గ్రేడు అచ్చేసిన అట్టపెట్టెలతో కనిపిస్తే అది హోల్‌సేల్ మార్కెట్ వేలంలో కొన్న సరుకు. చిల్లర నోట్లు ఉంచుకోండి. సంతలు, సంప్రదాయ మార్కెట్లలో వాడే ఒన్నురి కూపన్లు నమోదైన దుకాణాల్లోనే చెల్లుతాయి, ఈ అవ్వల దగ్గర కాదు.

తెజాన్ తెలుగు:
హోల్‌సేల్‌లో కొన్నదాన్ని చిన్న కుప్పలుగా పోసి అమ్మే అవ్వలూ ఉంటారండీ. ముఖ్యంగా ఎండు కోసారి (కూరగా వండుకునే ఫెర్న్ కాడలు) విషయంలో జాగ్రత్త. చైనా సరుకు చాలా వస్తుంది. ఎక్కడ పండిందో రాసి పెట్టడం తప్పనిసరి కాబట్టి ముందు ఆ అట్టముక్క చదవండి: 국내산 అని ఉంటే కొరియాది, 중국산 అంటే చైనాది.

సువోన్ వాసి:
మన రైతు బజార్లతో పోల్చి ఒక్క మాట. అక్కడ రోజూ ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు, రైతు దానికే అమ్మాలి. ఇక్కడి లోకల్ ఫుడ్ అంగట్లో ధర రైతు చేతిలోనే ఉంటుంది. అందుకే ఒకే అరలో ఒకే రకం పాలకూర రెండు ధరలకు కనిపిస్తుంది. తక్కువ ధరది తీసుకునే ముందు కట్ట బరువు చూడండి. ఇంకోటి, ఈ అంగళ్లు చాలాచోట్ల రైతు సహకార సంఘాల సూపర్‌మార్కెట్ అయిన హనారో మార్ట్ లోపలే ఉంటాయి. రైతు పేరు లేని అరలోది మామూలు మార్ట్ సరుకే.

పల్నాడు మిర్చి:
ఆకుకూరలకు లోకల్ ఫుడ్ మేలని ఒప్పుకుంటా. ఎండుమిర్చికి మాత్రం సంతే. ఆగస్టు చివరి నుంచి కొత్త పంట వస్తుంది. బరువు "గన్"లలో చెబుతారు. ఎండుమిర్చికీ మాంసానికీ గన్ అంటే 600 గ్రాములు, కూరగాయలకు 400. ఈ తేడా తెలియకపోతే ధర పోల్చడంలో మోసపోతారు.

కాయను చేత్తో చూడనివ్వని చోట కొనొద్దు. ఎండలో ఆరిన కాయకు తొడిమ పసుపు రంగుకు తిరుగుతుంది. యంత్రంలో ఆరబెట్టినదానికి ఆకుపచ్చగా మిగులుతుంది. ఆడిస్తే గింజలు గలగలమనాలి. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే: తేమకూ డబ్బు కడతారు, ఇంటికెళ్లాక లోపల బూజు పడుతుంది. తెల్లమచ్చల తాలు కాయలు సంచి అడుగున ఉంటాయి కాబట్టి పైపైన చూసి ఊరుకోక, చెయ్యి లోపలికి పెట్టి తీయించండి.

పట్టించడానికి సంత పక్కనే మర ఉంటుంది. ఏమీ చెప్పకపోతే కిమ్చీకి పనికొచ్చేలా బరకగా ఆడి ఇస్తారు. కూరల్లోకి కావాలంటే మెత్తగా ఆడమని ముందే చెప్పాలి. తొడిమలు ఇంట్లోనే తీసి తీసుకెళ్లండి.

తెజాన్ తెలుగు:
మిర్చి వరకు సరే. కానీ ఆ మిర్చి వర్తకుడు కూడా రైతు కాదు కదా? గ్వేసాన్, యోంగ్యాంగ్ లాంటి మిర్చి పండే చోట్ల సంతలో కొంటే వేరు. సియోల్ పక్కనున్న సోంగ్నామ్ నగరంలో 4, 9తో ముగిసే తేదీల్లో జరిగే మోరాన్ సంతలో కొంటే, డబ్బు చేరేది మధ్యవాడికే.

పల్నాడు మిర్చి:
మధ్యవాడికే చేరినా, సంచి విప్పి కాయ చూపించేది అతనే. లోకల్ ఫుడ్ అరలో సీలు వేసిన పొట్లంలోకి చెయ్యి పెట్టనివ్వరుగా.