ఆడేది అరవై మంది, కట్టేది పదహారు వందల మందా? స్పోర్ట్స్ ఫీజు పెంపు మీద చర్చ

బీకాం ఆఖరేడు:
మాది తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. మొన్న శనివారం నోటీసు బోర్డులో సర్క్యులర్ అంటించారు. స్పోర్ట్స్ ఫీజు ఏడాదికి 200 నుంచి 800 చేస్తారంట. కబడ్డీ మ్యాట్, వాలీబాల్ కోర్టుకు ఫ్లడ్ లైట్లు, ఒక కోచ్, టోర్నమెంట్ల ఖర్చు అని నాలుగు కారణాలు రాశారు. అభ్యంతరాలుంటే వచ్చే సోమవారం రాసివ్వాలంట. రాసిచ్చినోడి పేరు ఆఫీసులో చానా రోజులు గుర్తుంటుంది, అది వేరే సంగతి.

కాలేజీలో మేము 1,600 మందిమి. జట్టు బనియన్ వేసుకునేవాళ్లు అన్ని ఆటలూ కలిపినా అరవై దాటరు. మిగిలిన 1,540 మంది ఎందుకు కట్టాలి? మూడేళ్లలో నేను గ్రౌండ్‌లోకి దిగింది రెండుసార్లు. ఒకసారి ఆగస్టు 15న. ఇంకోసారి మావాడి బండి తాళం పోతే వెతకడానికి.

కూత ఆపని రైడర్:
అన్నా, ఆ అరవై మందిలో నేనొకణ్ణి. మనది ఒకే కాలేజీ అనుకుంటా, సర్క్యులర్ అదే. మేము ప్రాక్టీస్ చేసేది మట్టిలో, వట్టి కాళ్లతో. టోర్నీలు జరిగేది మ్యాట్ మీద, బూట్లతో. మట్టిలో కాలు జారుతుంది, దానికి తగ్గట్టే ఒంటికి అలవాటు పడిపోతుంది. మ్యాట్ మీద బూటు గబుక్కున పట్టేస్తుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. పోయినేడు మదనపల్లెలో మొదటి మ్యాచ్‌లోనే మా లెఫ్ట్ కార్నర్, అంటే ఎడమ మూలన నిలబడి రైడర్‌ను పట్టేవాడు, మోకాలు పట్టుకుని లైను బయట కూలబడ్డాడు. ఇప్పటికీ మెట్లు ఒక్కో కాలే వేసుకుంటూ దిగుతాడు.

ఆ రోజు ప్రయాణం కూడా చెప్తా. తెల్లారి నాలుగున్నరకు ఆర్టీసీ బస్టాండులో కలిశాం. భాకరాపేట ఘాటు దాటేసరికి ఇద్దరికి వాంతులు. దిగిన గంటకే మ్యాచ్. టిఫిన్, భోజనం, టీ అన్నీ కలిపి చేతికిచ్చిన డీఏ, అదే రోజు భత్యం, 120 రూపాయలు.

ఆడనోడు ఎందుకు కట్టాలంటున్నావు. లైబ్రరీ ఫీజు నేనూ కడుతున్నా. నేను అక్కడ పుస్తకం తీసుకున్నది ఎప్పుడో నాకే గుర్తులేదు. నేనేమన్నా అడిగానా?

పాకాల ప్యాసింజర్:
లైబ్రరీకి నువ్వు పోలేదు, పోవాలంటే పోవచ్చు. గ్రౌండ్‌కు నేను పోవాలన్నా పోలేను. అదీ తేడా. ప్రాక్టీస్ సాయంత్రం నాలుగున్నర తర్వాత. అప్పటికి నేను స్టేషన్లో ఉండాలి. రైలు తప్పితే బస్సు, పాకాలలో దిగి మళ్లీ మూడు కిలోమీటర్లు. మా క్లాసులో చంద్రగిరి అవతల నుంచి వచ్చేవాళ్లే సగం మంది.

ఇంకో మాట. సర్కారు రీయింబర్స్‌మెంట్ కింద ఇచ్చేది వేరు, 'అదర్ ఫీజు' అని కాలేజీ చేతికి అడిగేది వేరు. ఈ 800 ఇంట్లోంచే పోవాలి. మా ఇంట్లో చేతికి డబ్బు ఆడేది పాల బిల్లు వచ్చిన రోజే. లీటరు 35 లెక్కన, పెంచే 600 అంటే పదిహేడు లీటర్ల పాలు. చిన్న మొత్తమే, ఒప్పుకుంటా. కానీ కట్టకపోతే పరీక్షల ముందు హాల్ టికెట్ ఆపుతారు చూడు, ఆ టెన్షన్ చిన్నది కాదు.

మోడరేటర్:
రెండు పోస్టుల్లో కాలేజీ పేరు ఉంటే తీసేశాం. పేర్లు వద్దు, విషయం మాట్లాడుకోండి.

రిటైర్డ్ పీడీ:
నేను పాత చిత్తూరు జిల్లాలో రెండు కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా చేసినవాణ్ణి. ఇద్దరి మాటా నిజమే, కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇప్పుడున్న 200 ఎక్కడికి పోతోంది? 1,600 మందికి 200 అంటే 3 లక్షల 20 వేలు. ఏడాది మొత్తం మీ జట్లన్నింటికీ అందులో సగం ఖర్చయినా, ఈ రైడర్ పిల్లవాడు 120 రూపాయల డీఏతో భాకరాపేట ఘాటు ఎక్కాల్సి వచ్చేది కాదు.

నా సంగతే చెప్తాను. ఒక ఏడాది నాకు స్పోర్ట్స్ కింద చేతికి వచ్చింది 70 వేలు. వసూలైంది దానికి మూడింతలు. మిగతాది ఏమైందని అడిగితే ఫైలు చూపించారు. యాన్యువల్ డే షామియానా, ముఖ్య అతిథికి శాలువా, మైకు సెట్టు, అన్నీ స్పోర్ట్స్ పద్దులోనే. స్టాక్ రిజిస్టర్లో వాలీబాళ్లు 12, నా గదిలో ఉన్నవి 4, అందులో ఒకటి గాలి నిలవనిది. ఆ షామియానా బిల్లు మీద 'సరిచూశాను' అని సంతకం పెట్టింది నేనే. అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఇప్పుడు చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, పెన్షన్ వస్తోంది.

కాబట్టి నేను పెంపుకు వ్యతిరేకం కాదు, పద్దు లేని పెంపుకు వ్యతిరేకం. స్పోర్ట్స్ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. చెక్కు మీద పీడీ సంతకం, ఆటగాళ్ల తరఫున ఒకరు చూసినట్టు ఇంకో సంతకం ఉండాలి. అప్పుడు 400 చాలు. 800 అక్కర్లేదు.

మ్యాట్ సంగతి. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. మీటరు చదరం ముక్కలు 130 కావాలి. ఒకసారి కొంటే జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి వస్తుంది. అంటే అది ఒక ఏడాది ఖర్చు. దానికి ఫీజు ప్రతి ఏడాదీ ఎందుకు పెరిగి ఉండాలో సర్క్యులర్లో రాశారా? ఫ్లడ్ లైట్ల కంటే ముందు గ్రౌండ్ చుట్టూ కాలువ తవ్వించమనండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. కాలేజీ టోర్నీల తయారీ కూడా అప్పుడే. నిలిచిన నీళ్ల మీద లైటు వేస్తే కప్పలు కనిపిస్తాయి.

కూత ఆపని రైడర్:
సార్, కప్పల మాటకు గట్టిగా నవ్వేశాను. మా గ్రౌండ్ అచ్చం అంతే. కానీ ఒకటి. సర్టిఫికెట్ విలువ చాలామందికి తెలియడం లేదు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో 400కు పైగా టీచర్ పోస్టులు రాతపరీక్ష లేకుండా నింపేలా ఆ కోటాకే కేటాయించారు. పాకాల తమ్ముడూ, పల్లెటూరి పిల్లోడికి ఇంతకంటే దగ్గర దారి ఏముంది?

రిటైర్డ్ పీడీ:
నాయనా, ఆశ పెట్టుకో, లెక్క కూడా పెట్టుకో. ఎస్వీ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నీ ఇంటర్ కాలేజియేట్ ఆడితే, అందులోంచి సెలెక్షన్స్‌లో యూనివర్సిటీ జట్టు తేలుతుంది. కబడ్డీకి 12 మంది. ఏడుగురు లోపల, ఐదుగురు బయట. ఆ జట్టు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం జరిపే సౌత్ జోన్‌కు పోతుంది. సర్టిఫికెట్‌కు బరువు అక్కడి నుంచి. మీ అరవై మందిలో అక్కడిదాకా చేరేది ఒకరో ఇద్దరో. ఆ ఒక్కరి ఉద్యోగం చూపించి 1,600 మంది దగ్గర వసూలు చేయడం నాకు నచ్చదు. అందరూ ఆడుకోవడానికని చెప్పి అడగండి, అప్పుడు నేనూ మీ వైపే.

ఖోఖో పోల్:
ఇంతసేపటికి ఒక్కరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతా. సర్క్యులర్లో ఆడపిల్లలకని ఏముంది? మా కాలేజీలో సగం మంది మేమే. ఫీజులో మాకేమన్నా సగం తగ్గిస్తున్నారా?

ఫ్లడ్ లైట్లు అంటున్నారు. మా హాస్టల్ గేటు ఆరుకు మూస్తారు. ఆరున్నరకు వెలిగే లైటు నాకెందుకు? డ్రెస్ మార్చుకోవడానికి గది లేదు. కెమిస్ట్రీ ల్యాబ్ వెనక సామాన్ల గదిలో, తలుపుకు గడియ లేదు కాబట్టి ఒకరు బయట వీపు ఆనించి నిలబడితే ఇంకొకరు మార్చుకుంటాం. పోయినేడు జోనల్స్ రోజు యాసిడ్ సీసాల పెట్టె మీద నా బ్యాగు పెట్టాను. సాయంత్రానికి అడుగున గుడ్డ చివికిపోయి చేతికి ఊడొచ్చింది. ఆ బ్యాగు ఇప్పటికీ ఉంది, కావాలంటే ఫొటో పెడతా.

గ్రౌండ్ పక్కన బాత్రూమ్ లేక పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఆడేవాళ్లున్నారు మా జట్టులో. ఎండలో, తిరుపతి ఎండలో! యాన్యువల్ డే వస్తే మాత్రం స్టేజీ మీద కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో కాంస్యం గెలిచిందని, పీవీ సింధు అని గంట ఉపన్యాసం. పేర్లు చెప్పడానికి ఫీజు అక్కర్లేదు కదా సామీ.

నా ఓటు ఇదీ. గడియ ఉన్న గది, నీళ్లొచ్చే బాత్రూమ్ మొదట కట్టండి. ఆ రసీదు చూపించండి. తర్వాత మ్యాట్ కోసం నేనే క్లాసు క్లాసు తిరిగి అడుగుతా. ఆడవాళ్ల కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లే, అదే మ్యాట్ మీద సరిపోతుంది. దాని టైమ్ టేబుల్‌లో మాకూ రోజులు రాయండి.

తిరుచానూరు టు టెక్సాస్:
నేనిక్కడ ఎమ్మెస్ చేస్తున్నా. ఈ గొడవ ఇక్కడా ఉంది, ఇంకా పెద్దది. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో అథ్లెటిక్స్ వచ్చే ఆదాయంతో నడవదు. లోటును కాలేజీ నిధులు, స్టూడెంట్ ఫీజులు పూడుస్తాయి. 2025 జూన్‌లో, కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో కోర్టు ఒక సెటిల్‌మెంట్‌కు ఒప్పుకుంది. దాంతో 2025-26లో ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు నేరుగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచడానికి వీలు కలిగింది. ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలి? క్లెమ్సన్ యూనివర్సిటీ సెమిస్టర్‌కు 150 డాలర్ల అథ్లెటిక్స్ ఫీజు కొత్తగా పెట్టింది. ఇక్కడి పిల్లలు అడిగేదీ నీ ప్రశ్నే, బీకాం తమ్ముడూ. ఆట చూడనోణ్ణి నేనెందుకు కట్టాలి?

వర్జీనియా రాష్ట్రంలో మాత్రం 2015లోనే చట్టం చేశారు. అథ్లెటిక్స్ బడ్జెట్‌లో స్టూడెంట్ ఫీజుల వాటా ఇంత శాతం దాటకూడదని. పెద్ద లీగుల్లో ఆడే యూనివర్సిటీలకు పరిమితి తక్కువ, చిన్నవాటికి ఎక్కువ. ఖోఖో అక్క చెప్పినదానికి కూడా ఇక్కడ 1972 నుంచి చట్టం ఉంది, టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ నిధులు తీసుకునే కాలేజీ ఆడపిల్లలకు ఆటల్లో సమానంగా అవకాశం ఇవ్వాల్సిందే.

కూత ఆపని రైడర్:
అన్నా, అక్కడ ఆటగాళ్లకు కోట్లు పంచడానికి ఫీజు. ఇక్కడ మేము అడిగేది మోకాలు విరగకుండా ఆడే నేల. రెండూ ఒక గాటన కట్టొద్దు. ఆ పరిమితి సంగతి మాత్రం బాగుంది.

ఖోఖో అక్కా, ఆ గది విషయం నిజంగా నాకు తెలియదు. రోజూ పక్కనే ప్రాక్టీస్ చేస్తాం. మేము చెట్టు కింద మార్చుకుని పోతాం, మీ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

ఆటో నాన్న:
నేను లీలామహల్ దగ్గర ఆటో తోలతాను. మా పాప వేరే కాలేజీలో రెండో ఏడు. మీరంతా చదువుకున్న పిల్లలు, నాకు తెలిసింది చెప్తా. ఆటల ఫీజు అంటే నాకేం బాధ లేదు. పాప ఇంటర్‌లో ఉన్నప్పుడు రోజంతా కూర్చోబెట్టి చదివించారు, ఒళ్లు వంగలేదు. ఆడుకోనీ అనిపిస్తుంది. కానీ పోయినసారి కట్టిన రసీదు చూస్తే ట్యూషన్ ఫీజు ఒక లైను, మిగతా అంతా కలిపి 'ఇతరములు' అని ఒక లైను. ఆ ఇతరములు ఏందయ్యా అంటే కౌంటర్లో అబ్బాయి 'అవే సార్, ఉంటాయి కదా' అన్నాడు. నా ఆటోలో మీటరు మీద ఎక్కువ అడిగితే ఊరుకుంటారా ఎవరన్నా?

పాకాల ప్యాసింజర్:
బాబాయ్, మీ మాటకు నా సంతకం ఒకటి వేసుకోండి.

పీడీ సార్, ఒక సందేహం. లెక్కలు అడగడానికి ఆర్టీఐ, అదే సమాచార హక్కు చట్టం కింద అర్జీ, వేయొచ్చా?

రిటైర్డ్ పీడీ:
ప్రైవేటు కాలేజీకి నేరుగా వేస్తే మాకు వర్తించదని రాసి పంపుతారు. కాలేజీకి గుర్తింపు ఇచ్చింది యూనివర్సిటీ, అది ప్రభుత్వ సంస్థ. గ్రౌండ్ ఎంత, ఏ సౌకర్యాలున్నాయి అని గుర్తింపు కోసం కాలేజీ ఇచ్చిన కాగితాలు అక్కడ ఉంటాయి. వాటి నకలు యూనివర్సిటీని అడగండి. కాగితం మీద ఆడపిల్లల డ్రెస్సింగ్ రూమ్ ఇప్పటికే కట్టేసి ఉంటే ఆశ్చర్యపోకండి.

బీకాం ఆఖరేడు:
రెండు రోజులుగా చదువుతున్నా. ఫీజు వద్దే వద్దని రాసుకున్న కాగితం చించేశాను. అలాగని 800కు ఒప్పుకున్నానని కాదు. రైడర్‌తో ఫోన్లో మాట్లాడాను, సార్ చెప్పినట్టు కొత్తగా రాశాం. గత మూడేళ్ల స్పోర్ట్స్ వసూలు, ఖర్చు నోటీసు బోర్డులో పెట్టాలి. రసీదులో స్పోర్ట్స్‌కు విడిగా లైను ఉండాలి. గది, బాత్రూమ్ ముందు కట్టాలి, అప్పటిదాకా 200 దాటకూడదు. వారానికి రెండు రోజులు మధ్యాహ్నం చివరి పీరియడ్ ఆటలకు వదలాలి. ఇది రైలుకు పోయేవాళ్ల కోసం నేనే చేర్చాను. రైడర్ మ్యాట్ ఈ ఏడే కావాలన్నాడు, అక్కడ మాకు కుదర్లేదు. అందుకే ఆ ఒక్కటి వాడు విడిగా రాసిస్తున్నాడు.

సోమవారం పది గంటలకు ఆఫీసు ముందు కలుద్దాం. ఒక్కడే పోతే పేరు గుర్తుపెట్టుకుంటారు, యాభై మంది పోతే ఎవరి పేరని గుర్తుపెట్టుకుంటారు?

ఖోఖో పోల్:
మా జట్టు మొత్తం వస్తాం. చివికిపోయిన బ్యాగు కూడా తెస్తున్నా.

పాకాల ప్యాసింజర్:
రైలు లేటయితే నా పేరు దగ్గర కొంచెం జాగా వదలండి. పరిగెత్తుకుంటూ వస్తా, ఆ మాత్రం ప్రాక్టీస్ నాకూ ఉంది.