మిరప తోటల పక్కన తేనెటీగలు చనిపోతే ఏ చట్టం కింద ఫిర్యాదు చేయాలి?

మాది నర్సంపేట వైపు. చుట్టూ పత్తి, మిరప. నాకు తేనెటీగల పెట్టెలు ఉన్నాయి. ఉదయం పూట, ఈగలు పూల మీద ఉండగానే మందు కొడుతున్నారు. ఆ తర్వాత పెట్టెల ముందు ఈగలు గుట్టలుగా చచ్చిపడుతున్నాయి. సాయంత్రం కొట్టమని అడిగితే కూలీలు దొరకరంటారు, అదీ నిజమే. రైతుల మీద కేసు పెట్టే ఆలోచన నాకు లేదు; నల్లికి, తామర పురుగుకు వాళ్లూ విసిగిపోయి ఉన్నారు.

తేనెటీగలకు హాని చేస్తాయని యూరోపియన్ యూనియన్ 2018లో ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ అనే పురుగుమందులను ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. మన దగ్గర పత్తి విత్తనాలకే ఇమిడాక్లోప్రిడ్ పట్టించి అమ్ముతారు.

1968 నాటి పురుగుమందుల చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం, మనుషులకు గానీ జంతువులకు గానీ ప్రమాదం ఉందనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం ఒక మందు అమ్మకాన్ని 60 రోజుల వరకు ఆపవచ్చు. అదే చట్టం 'జంతువులు' అంటే మనిషికి ఉపయోగపడేవి అంటోంది. తేనెటీగకు అంతకన్నా అర్హత ఏం కావాలి? కానీ అధికారులు ఒప్పుకుంటారా? ఎవరైనా ఈ దారిలో వెళ్లారా? పర్యావరణ కేసులు చూసే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ ఇలాంటి ఫిర్యాదు తీసుకుంటుందా, లేక హైకోర్టుకే వెళ్లాలా?

చచ్చిన ఈగలను డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. వాటిలో మందు అవశేషాల పరీక్షకు ఎక్కడికి పంపాలి? పంచనామా లేకుండా ఆ నివేదిక చెల్లుతుందా? రైతు వేదికలో సంతకాలు సేకరించాలనీ ఉంది. విత్తన దుకాణాల వాళ్లు అడ్డుపడకముందే, న్యాయవాదులెవరైనా ఉంటే చెప్పండి.