స్ట్రెస్ ఫ్రాక్చర్ మానాక మొదటి హాఫ్: ఆగస్టులో హైదరాబాదా, డిసెంబర్‌లో వైజాగా?

మియాపూర్_మార్నింగ్:
అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో ఎడమకాలి షిన్ బోన్‌కి (మోకాలి కింద ముందుండే ఎముక) స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే సన్నని చీలిక వచ్చింది. మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, షిన్ స్ప్లింట్స్ (పరుగు వల్ల ఆ ఎముక వెంబడి వచ్చే నొప్పి), ఐస్ పెట్టుకోమని పంపేశారు. రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఇంకోచోట ఎంఆర్ఐ తీయించాం, అప్పుడు బయటపడింది. ఎముక లోపలి వైపు, కింది భాగంలో. మూడు నెలలు పరుగు బంద్. ఇప్పుడు నడిస్తే నొప్పి లేదు. ట్రెడ్‌మిల్ మీద నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక మొదలుపెట్టాను.

ఆగస్టు హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కి డబ్బు కట్టేసి ఉన్నాను. వెళ్ళొచ్చా, వదిలేసి డిసెంబర్‌లో వైజాగ్ చూసుకోవాలా? లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు) ఎలా పెంచాలి? షూ మార్చాలా? ఇంట్లో మా మేనత్త పుత్తూరు తీసుకెళ్ళి కట్టు వేయిస్తానని ఒకటే పట్టు. ఆమెకేం చెప్పాలి?

గచ్చిబౌలి_గోపి:
అన్నా, ఆగస్టు ఇడిసిపెట్టు. ఆ రూటు నాకు మంచిగ ఎర్క. పీపుల్స్ ప్లాజా కాడ షురూ, గచ్చిబౌలి స్టేడియంల ఖతం, నడుమ ఒకదాని ఎన్క ఒకటి ఫ్లైఓవర్లు. అందరు ఎక్కుడు గురించి భయపడ్తరు గని దిగుడే పరేషాన్. దిగేటప్పుడు తొడ కండరం సాగుకుంటనే బ్రేకెయ్యాలె, ఎముక మీద పడే దెబ్బ గూడ పెరుగుతది. పైనుంచి ఆగస్టు ఉక్కపోత.

నాది ఐటీ బ్యాండ్ నొప్పి, తొడ బయటిపక్క మోకాలి దాక ఉండే పట్టీది. కేబుల్ బ్రిడ్జి దాటినంక మోకాలు వంగలే, స్టేడియం దాక కుంటుకుంటనే పోయిన. మోకాలికి కట్టుకునే స్ట్రాపులు ఎన్ని కొన్నా ఫాయిదా లేదు. తుంటి కండరాలు గట్టివడ్డంకనే నయమైంది: సైడ్ ప్లాంక్, కాళ్ళకు రబ్బరు బ్యాండ్ ఏసుకొని పక్కకు నడుసుడు, ఒంటికాలు మీద కుర్చీలకెళ్ళి లేసుడు. ఇంకోటి, రోడ్డుకు ఎప్పుడు ఒకే అంచున ఉరకకు, అంచు వాలుంటది. కేబీఆర్ పార్కు చుట్టు తిరిగేటోళ్ళు గూడ ఒకనాడు ఇటు, ఒకనాడు అటు తిరగాలె.

చిత్తూరు_చిన్నోడు:
అత్త చెప్పింది విను సామీ. పుత్తూరు పక్కన రాచపాళెంలో రాజుల ఇంటోళ్ళు తరతరాలుగా కడతా ఉండారు. ఆకు పసురు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. మా నాయిన మామిడిచెట్టు మీంచి పడి ముంజెయ్యి ఇరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలన్నారు. ఆయన ఒప్పుకోలా. కట్టు వేయించుకున్నాడు, ఈ పొద్దు అదే చేత్తో బాయిలో నీళ్ళు తోడతా ఉండాడు. తమిళనాడు నించి, కర్ణాటక నించి జనం వస్తారు. ఊరికే వస్తారా?

బెజవాడ_ఫిజియో:
చిన్నోడు గారూ, మీ నాన్నగారి చెయ్యి బాగయినందుకు సంతోషం. కానీ ఇక్కడ ప్రశ్న వేరు. చెయ్యి విరిగితే ఎముక పక్కకు జరుగుతుంది, సరిచేసి కదలకుండా ఉంచాలి. స్ట్రెస్ ఫ్రాక్చర్‌లో ఎముక జరగదు. రోజూ పడే బరువుకి సన్నని చీలిక వస్తుంది. సరిచెయ్యడానికి అక్కడ ఏమీ లేదు, బరువు తగ్గించడమే వైద్యం. మూడు నెలలు ఆగి, నడకలో నొప్పి పోయిన మనిషికి ఇప్పుడు మళ్ళీ కట్టు వేస్తే పిక్క కండరం కరిగిపోతుంది. ఆ కండరమే పరుగులో ఎముకని కాపాడేది. దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి.

చిత్తూరు_చిన్నోడు:
ఇలాంటి సలహాలా? మీ ఎక్స్‌రే చూసినోళ్ళు ఏమీ లేదని పంపించినారు కదా, ఆ మాట ఒక్కరూ ఎత్తరే? ఆ సలహా మంచిదా? అదే మా ఊరి వైద్యం అయ్యుంటే ఈపాటికి నాటువైద్యం అని చీల్చి చెండాడేవాళ్ళు.

బెజవాడ_ఫిజియో:
ఎత్తుతాను. మొదటి రెండు మూడు వారాల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. ఎముక కొత్తగా కట్టుకోవడం మొదలయ్యాకే ఆ గుర్తు పడుతుంది. అందుకే ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి, రాత్రి సలుపు ఉంటే ఎక్స్‌రే బాగున్నా ఎంఆర్ఐ అడగాలి. అక్కడ చూసినవాళ్ళు ఆ మాట చెప్పి ఉండాల్సింది. ఒప్పుకుంటాను.

కట్టు గురించి నాకెందుకు కోపమంటే, పల్లెలో ఎవరో బిగించి కట్టిన కట్టుతో ఓ కుర్రాడిని మా దగ్గరికి తెచ్చారు. అప్పటికే వేళ్ళు నల్లబడ్డాయి. రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లో కండరం చచ్చిపోతుంది. ఎవరు కట్టినా సరే, కట్టు కింద తిమ్మిరెక్కినా, వేళ్ళు చల్లబడినా వెంటనే విప్పించాలి.

చిత్తూరు_చిన్నోడు:
అది ఎవడో చేతగానోడు కట్టింది. దానికీ పుత్తూరుకీ ముడి పెట్టొద్దు మేడమ్. మా తట్టు పేదోళ్ళకి ఆపరేషన్ కర్చు ఎవరు పెడతారు? ఎకరా అమ్ముకోవల్ల. ఇది తెలీకుండా మాట్లాడతా ఉండారు.

గచ్చిబౌలి_గోపి:
ఇద్దరు ఆగుండ్రి. అన్న అడిగింది ఆగస్టా డిసెంబరా అని.

అల్ట్రా_మావయ్య:
నలభై ఏళ్ళు దాటాక పరుగు మొదలుపెట్టి, దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ పరుగు వరసగా రెండేళ్ళు పూర్తిచేసి బ్యాక్ టు బ్యాక్ మెడల్ తెచ్చుకున్నవాడిగా చెబుతున్నాను, వినండి. సుమారు 90 కిలోమీటర్ల కొండదారి అది. ఈ కాలం పిల్లలకి నొప్పికీ గాయానికీ తేడా తెలియదు. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక అంటూ వెళితే శరీరం నడకకే అలవాటు పడుతుంది. నెమ్మదిగానైనా ఆగకుండా పరిగెత్తాలి. మధ్యలో నడిచిన దాన్ని హాఫ్ మారథాన్ పరిగెత్తాను అని చెప్పుకోకూడదు. 21.1 కిలోమీటర్లకి ఒక గౌరవం ఉంది.

పరుగు_పద్మ:
మావయ్యగారూ, మీరంటే గౌరవమే, కానీ ఈ మాట నేను ఒప్పుకోను. రోడ్డు పరుగు నిబంధనల్లో నడవకూడదని ఎక్కడా లేదు. జెఫ్ గాలోవే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన మనిషి, ఆయనే పరుగు-నడక పద్ధతిని లోకానికి నేర్పాడు. నాకు ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయింది. తొమ్మిది నెలలు నిండేదాకా సర్జన్ పరుగుకి ఒప్పుకోలేదు. తర్వాత నాలుగు నిమిషాల పరుగు, నిమిషం నడక చొప్పున వైజాగ్‌లో హాఫ్ పూర్తిచేశాను. ఆర్కే బీచ్‌లో ఆ ముగింపు గీత దాటినప్పుడు నా కూతురు మెడల్ లాక్కుని తన మెడలో వేసుకుంది. దాన్ని పరుగు కాదనే హక్కు ఎవరికీ లేదు.

అల్ట్రా_మావయ్య:
అమ్మా, నిన్ను అనలేదు. ఏసీఎల్ సంగతి వేరు.

పరుగు_పద్మ:
వేరు కాదండీ. గాయం నుంచి తిరిగి వస్తున్న మనిషి అడిగిన చోట మీరు ఆగకుండా పరిగెత్తమన్నారు. ఆ ఎముక మళ్ళీ చీలితే బాధ్యత ఎవరిది?

ఫ్రిస్కో_ఫణి:
లాంగ్ రన్ ప్రశ్నని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెబుతున్నా. వారానికి పది శాతం సూత్రం పట్టుకు వేలాడకండి. 2008లో నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త రన్నర్లతో పరీక్షించారు. మెల్లగా 13 వారాల ప్లాన్‌లో పెంచినవాళ్ళకీ, 8 వారాల ప్లాన్‌లో ఉన్నవాళ్ళకీ గాయాలు దాదాపు సమానం, ప్రతి ఐదుగురిలో ఒకరికి. 2025లో వచ్చిన పెద్ద పరిశీలన ఇంకో సంగతి చెప్పింది. 5,200 మందికి పైగా రన్నర్ల వాచీల లెక్కలు తీశారు. గత 30 రోజుల్లో చేసిన అతి పొడవైన రన్ కంటే ఒకే రన్‌లో పది శాతం దాటి దూకినవాళ్ళకి ముప్పు పెరిగింది. అంటే వారం మొత్తం కన్నా ఒక్కో ఆదివారం ఎంత దూకుతున్నావన్నది చూసుకోవాలి. పోయిన నెలలో ఎక్కువలో ఎక్కువ 8 పరిగెత్తితే ఈసారి 8.8, అంతే. స్నేహితులు పిలిచారని 12కి వెళ్ళొద్దు.

అల్ట్రా_మావయ్య:
స్టడీలు నాకు చెప్పకు బాబూ. రోడ్డు మీద నేర్చుకున్నది వేరే ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_నవీన్:
ఎంత దూరమో తర్వాత, అసలు తెల్లారుజామున బయటికి ఎలా వెళ్తున్నారు మీరంతా? మా కాలనీలో కుక్కల గుంపు వెంటపడితే పక్కకి దూకి చీలమండ బెణికింది. లిగమెంట్ సాగి ఆరు వారాలు మంచం. కుక్కల గురించి మున్సిపాలిటీకి ఫోన్లు చేసీ చేసీ విసిగిపోయాం.

గచ్చిబౌలి_గోపి:
నవీన్ తమ్మీ, కుక్క ఎంటపడితే ఉరకకు. ఆగి, మెల్లగ నడువు, కండ్లల్ల చూడకు. కరిస్తే సబ్బుతోని పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు రేబీస్ సూది ఏపిచ్చుకో. దీనికి ఏ పసరు పెట్టకు. చీలమండకు ఒంటికాలు మీద నిలవడుడు రోజు చెయ్యి, పండ్లు తోముకునేటప్పుడు గూడ.

బీచ్‌రోడ్డు_భవాని:
నవీన్ గారూ, మా వైజాగ్ వచ్చేయండి, బీచ్ రోడ్డు పొద్దున్నే వాహనాల్లేకుండా ఉంటాది. కాకపోతే తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడు ఉంది, బీచ్ రోడ్డంటే చదునే అనుకుని రావద్దు.

మియాపూర్ గారిని ఒకటి అడగాలి. తిండి సరిగా తింటున్నారా? బరువు తగ్గాలని కార్బ్స్ మానేసి పరిగెత్తారా? నాకూ ఇదే ఎముక పోయింది. నాకు నెలసరి ఆగిపోయిన సంగతి అంతకుముందు ఏ డాక్టరూ అడగలేదు. తిన్నది చాలకపోతే శరీరం ముందు హార్మోన్లు ఆపేస్తాది, తర్వాత ఎముక పలచబడతాది. దీన్నే ఒలింపిక్ కమిటీ వాళ్ళు 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టారు. మగవాళ్ళకీ వస్తాది, వాళ్ళకి నెలసరి లాంటి గుర్తు కనపడదు కాబట్టి ఇంకా ఆలస్యంగా తెలుస్తాది. విటమిన్ డి పరీక్ష చేయించండి. రోజంతా ఆఫీసులో ఉండేవాళ్ళలో చాలామందికి తక్కువే. పాలు పడకపోతే రాగులు తినండి, 100 గ్రాముల రాగిపిండిలో 340 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటాది. అంబలి, చోడి రొట్టె, ఏదైనా సరే. పరుగెత్తే ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, నెలసరి రాకపోవడం ఫిట్‌నెస్‌కి గుర్తని ఎవరు చెప్పినా నమ్మవద్దమ్మా.

చిత్తూరు_చిన్నోడు:
సంగటి మాట బాగా చెప్పినారక్కా. మా ఇండ్లల్లో సంగటి మానేసి వరన్నం పట్టినప్పటి నించే ఈ రోగాలు.

సైనిక్‌పురి_రిటైర్డ్:
నాది అకిలీస్ నొప్పి, పిక్కని మడమకి కలిపే స్నాయువుది. స్వీడన్ సర్జన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన వ్యాయామం చేసి బయటపడ్డాను. మెట్టు అంచున నిలబడి మడమని మెల్లగా కిందికి దించడం, 15 చొప్పున మూడు సార్లు, మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి, పొద్దునా సాయంత్రం, 12 వారాలు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది, ఉండాలి కూడా. ఎముక చీలినవాళ్ళకి మాత్రం నొప్పి భరిస్తూ చేసే పద్ధతి పనికిరాదు, ఈ తేడా గుర్తుంచుకోండి.

కూకట్‌పల్లి_కిట్టు:
మియాపూర్ బ్రో, ఆగస్టు డ్రాప్ అయితే మీ బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు) నాకిస్తారా? రిజిస్ట్రేషన్ మిస్సయ్యాను. డబ్బులు ఇచ్చేస్తాను.

పరుగు_పద్మ:
కిట్టూ, వద్దు. బిబ్ మీద ఆయన పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ళ నంబరు ఉంటాయి. నువ్వు దారిలో పడిపోతే ఫోన్ వాళ్ళింటికి వెళుతుంది. నిర్వాహకులు మార్పిడికి ఒప్పుకుంటే వాళ్ళ ద్వారానే మార్పించుకో, లేకపోతే పక్కన నిలబడి చప్పట్లు కొట్టు.

కూకట్‌పల్లి_కిట్టు:
సరే అక్కా. ఇంకో డౌట్, రేస్ పొద్దున్న ముందుజాగ్రత్తగా డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర వేసుకోవచ్చా? మా గ్రూపులో అందరూ వేసుకుంటారు.

బెజవాడ_ఫిజియో:
వేసుకోకూడదు. చెమట పోయి నీరు తగ్గిన శరీరంలో ఆ మాత్ర కిడ్నీకి రక్తం ఇంకా తగ్గిస్తుంది. పైగా నొప్పి తెలియకుండా చేస్తుంది. ఎముక మళ్ళీ చీలుతుంటే చెప్పేది ఆ నొప్పే, దాన్నే నోరు మూయించినట్టు అవుతుంది. మీ గ్రూపువాళ్ళకి కూడా చెప్పండి.

మియాపూర్_మార్నింగ్:
అందరికీ చాలా థాంక్స్. భవాని గారూ, విటమిన్ డి చూపించాను, బాగా తక్కువుంది, డాక్టర్ డోసు రాశారు. ఆగస్టు వదిలేస్తున్నాను, బిబ్ సంగతి నిర్వాహకులకి మెయిల్ పెట్టాను. అత్తకి ఫిజియో గారి మాట చదివి వినిపించాను, రాగిపిండి పట్టించి పంపుతానంది. చిన్నోడు అన్నా, మీరు మంచికే చెప్పారు, ఏమనుకోవద్దు. ట్రెడ్‌మిల్ నుంచి రోడ్డుకి ఎప్పుడు మారాలో, షూ సంగతేంటో మాత్రం ఇంకా తెలియలేదు.

చిత్తూరు_చిన్నోడు:
ఏమనుకోను లే. కాలు బాగుంటే చాలు. తిరపతి వస్తే చెప్పు, అలిపిరి మెట్లు కలిసి ఎక్కుదాం.

బెజవాడ_ఫిజియో:
మెట్లు ఇప్పుడే వద్దు, దిగడం అసలే వద్దు.

మియాపూర్ గారూ, మీ చీలిక లోపలి వైపు కాబట్టి మామూలుగా బాగానే మానే చోటు. ఎముక ముందువైపు అయ్యుంటే ఇంత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు. అరగంట వేగంగా నడిస్తే నొప్పి ఉండకూడదు. చీలిన చోట వేలితో గట్టిగా నొక్కినా నొప్పి ఉండకూడదు. ఆ కాలి మీదే వరసగా గెంతితే, అప్పుడూ, మర్నాడు పొద్దున్నా ఏమీ ఉండకూడదు. ఇవి దాటితే రోడ్డు మీదికి రండి, రోజు విడిచి రోజు. ఊపిరి, కండరం ముందు కోలుకుంటాయి, ఎముక వెనకబడి వస్తుంది. నాకు బాగానే ఉందనిపించే ఆ నెలలోనే చాలామంది మళ్ళీ చీల్చుకుంటారు. అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి ఐదు నుంచి పది శాతం ఎక్కువ వేయండి, మోకాలి మీద బరువు తగ్గుతుంది, పాదం మరీ ముందుకెళ్ళి పడదు.

షూ: ఇన్నాళ్ళూ సౌకర్యంగా ఉన్న మోడల్ కొత్త జత చాలు. కార్బన్ ప్లేట్ షూలు (అడుగున గట్టి కార్బన్ పలక ఉండే రేస్ షూలు) ఈ సంవత్సరం ముట్టుకోవద్దు. వాటికి మారిన రన్నర్లలో పాదం ఎముకల్లో స్ట్రెస్ గాయాలు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

నైట్‌షిఫ్ట్_నవీన్:
మేడమ్, నా చీలమండకి మెత్తటి షూ మంచిదా, గట్టిదా?

బెజవాడ_ఫిజియో:
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి నవీన్ గారూ. వాపు ఉన్న ఫోటో, ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడగలరో రాయండి, చూస్తాను.