రేసు సీటు టాలెంట్‌కా, డబ్బు తెచ్చినోడికా?

టవర్‌క్లాక్ (అనంతపురం):
నిన్న షాపు దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కార్ల రేసుల్లో 2022 ఫార్ములా 2 ఛాంపియన్ ఫెలిపే డ్రుగోవిచ్. ఆ మెట్టు ఎక్కాక మిగిలింది ఫార్ములా వన్ ఒక్కటే. అతనికి దొరికింది మాత్రం ఆస్టన్ మార్టిన్‌లో రిజర్వ్ డ్రైవర్ పని (అసలు డ్రైవర్ రాకపోతేనే నడిపేవాడు), 2025 దాకా ఉన్నాడు, ఒక్క రేసు కూడా నడపలేదు. టీం యజమాని లారెన్స్ స్ట్రోల్, రెండు సీట్లలో ఒకటి ఆయన కొడుకు లాన్స్‌ది. అంతకుముందు 2020లో ఇదే టీం రేసింగ్ పాయింట్ పేరుతో ఉన్నప్పుడు సెర్గియో పెరెజ్ నాలుగో స్థానంలో ముగించాడు, లాన్స్ 11లో. మాజీ ప్రపంచ ఛాంపియన్ వెటెల్‌ను తీసుకోవడం కోసం ఒకర్ని పంపాల్సి వస్తే పంపింది పెరెజ్‌నే. ఇది అన్యాయం అని నేను గట్టిగా అంటున్నా. కాదనేవాళ్లు చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అన్నా, ఒక పక్కే చూస్తున్నావు. ఆ టీం అసలు ఎవరిది? మాల్యా ఫోర్స్ ఇండియా. 2018లో అప్పుల్లో మునిగి మూతపడే పరిస్థితి వస్తే డబ్బు పెట్టి నిలబెట్టింది ఆ లారెన్స్ స్ట్రోలే, 400 మందికి పైగా ఉద్యోగాలు నిలిచాయి. లాన్స్ కూడా ఊరికే రాలేదు, 2016లో యూరోపియన్ ఫార్ములా 3 గెలిచాడు, 2017లో బాకులో 18 ఏళ్లకే మొదటి ముగ్గురిలో నిలిచి పోడియం ఎక్కాడు. పైగా ఇప్పుడు ఎంత డబ్బున్నా కింది పోటీల్లో మూడేళ్లలో 40 పాయింట్లు లేకపోతే ఫార్ములా వన్ నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్స్ రాదు.

ఇంకో మాట. నికి లౌడా జీవిత బీమా పాలసీ హామీగా పెట్టి బ్యాంకులో లోను తీసుకుని మార్చ్ టీంలో సీటు కొన్నాడు, తర్వాత మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1991లో జోర్డాన్ టీం డ్రైవర్ గాషో లండన్‌లో జైలుకు వెళ్తే ఆ ఖాళీ సీటుకు షూమాకర్ వచ్చాడు, మెర్సిడెస్ డబ్బు కట్టబట్టే వచ్చాడు. మన నారాయణ్ కార్తికేయన్ వెనక టాటా లేకుంటే 2005లో మనం మనవాణ్ణి ఫార్ములా వన్‌లో చూసేవాళ్లమా? డబ్బు తలుపు తీస్తుంది, లోపల నడవాల్సింది డ్రైవరే.

గండికోట_దారి (కడప):
తలుపు సంగతి సరే బురుజన్నా, లోపలికి వెళ్లాక ఏం జరుగుతుందో చూడు. సాబర్ టీం 2015కి ఉన్న రెండు సీట్లకు ఇద్దరికన్నా ఎక్కువ మందితో ఒప్పందం చేసుకుంది. మన దగ్గర ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్టర్ చేస్తే ఏమంటాం? అదే. వాళ్లలో ఒకడైన వాన్ డెర్ గార్డె మెల్‌బోర్న్ కోర్టుకెళ్లి గెలిచాడు, అయినా కారు ఎక్కలేదు, చివరికి పరిహారం తీసుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆ ఏడాది నడిపిన ఎరిక్సన్, నాస్ర్ ఇద్దరి వెనకా స్పాన్సర్లున్నారు.

డబ్బుతో వచ్చినవాడికీ భరోసా లేదు. మాల్డొనాడో వెనక వెనెజులా ఆయిల్ కంపెనీ ఉండేది. 2012లో స్పెయిన్‌లో విలియమ్స్‌ను గెలిపించిన మనిషే, ఆయిల్ డబ్బు ఆగేసరికి 2016కి సీటు లేదు. అందుకే నేను డ్రైవర్లను తిట్టను. పద్ధతే చెడ్డది.

కొండారెడ్డి_బురుజు:
సాబర్ విషయం ఒప్పుకుంటా, అది మోసమే. కానీ 2011 చూడండి. హెచ్‌ఆర్‌టీ అనే టీంలో కార్తికేయన్‌ను సీజన్ మధ్యలో దించి రికియార్డోను కూర్చోబెట్టారు, రెడ్ బుల్ డబ్బిచ్చింది కాబట్టి. మనకు బాధే, కానీ ఆ రికియార్డో తర్వాత ఎనిమిది రేసులు గెలిచాడు. అక్కడ డబ్బు టాలెంట్‌ను మోసుకొచ్చింది. మరి ఈ ఖర్చు ఎవరు పెట్టాలి? గవర్నమెంటా?

టవర్‌క్లాక్:
బురుజు తమ్ముడూ, లౌడా, షూమాకర్, రికియార్డో, నువ్వు చెప్పినవన్నీ డబ్బు దొరికినవాళ్ల కథలే. దొరకనివాడి పేరు మనకు తెలియదు కదా, నా బాధ అక్కడే. ఇంట్లో జరిగింది చెప్తా.

మా అక్క కొడుకు 13 ఏళ్లప్పటి నుంచి బెంగళూరు పక్కన కార్టింగ్ (చిన్న రేసు బండ్ల పోటీలు) చేశాడు. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి లేచి మా బావ బండిలో పడుకోబెట్టి తీసుకెళ్లేవాడు. బావది లారీ టైర్లకు రీట్రేడింగ్ షాపు, అరిగిన టైరుకు మళ్లీ రబ్బరు వేసి 25 ఏళ్లుగా ఇల్లు నడిపినోడు. కార్ట్ టైరుకు ఆ పని కుదరదు. మెత్తటి రబ్బరు, కొన్ని ల్యాపులకే పట్టు పోతుంది, కొత్త సెట్టు వేయాల్సిందే. పక్క పిల్లలు ప్రాక్టీసుకొక సెట్టు, క్వాలిఫైయింగ్‌కొక సెట్టు, రేసుకొక సెట్టు వేసేవాళ్లు. మావాడు పోయిన నెల టైర్లతోనే దిగేవాడు. ల్యాపుకు మూడు నాలుగు పదోవంతుల సెకను వెనక. ఒకసారి ఒక టీం ఆయన వేసి చూడమని కొత్త టైర్లు ఇస్తే ఆ రోజు రెండో స్థానంలో వచ్చాడు. బాగా నడుపుతున్నాడు, వచ్చే సీజన్‌కు స్పాన్సర్‌ను పట్టుకురండి అన్నాడాయన. మా బావ అనంతపురంలో ఎవర్ని పట్టుకురావాలి? బోర్‌వెల్ వాళ్లనా? వేరుశనగ మిల్లు వాళ్లనా? ఆరు నెలలు తిరిగి మానేశాడు.

స్టాప్‌వాచ్ అబద్ధం చెప్పదంటారు. ఆ వాచ్‌లో మా బావ దగ్గర లేని డబ్బు కూడా కలిసే ఉంది. నీ 40 పాయింట్లు కూడా ఎవరో బిల్లు కట్టిన సీజన్లలోనే వస్తాయి. ఇదే అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్లు, టెన్నిస్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్ కలిసి పేద పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. బంతి, బ్యాటు అందరికీ ఒకటే కాదు, నిజమే, కానీ అక్కడ పిల్లలో ఉన్న ఆటను చూడ్డానికి ఒకరైనా వస్తారు.

గండికోట_దారి:
టైర్ల లెక్క చదివి మనసు కలుక్కుమంది అన్నా. కొన్ని పోటీల్లో అందరికీ ఒకే కంపెనీ టైర్లిచ్చి, గుర్తు వేసి, ఇన్ని సెట్లే అని కట్టడి పెడతారు. అలాంటి చోట మీవాడికి ఒకసారి దిగే అవకాశం వచ్చిందా?

కొండారెడ్డి_బురుజు:
అన్నా, నీ మాట కాదనలేను. పైన ఏం జరుగుతుందో దాని గురించే నేను వాదించా, కింద ఏం జరుగుతుందో ఆలోచించలేదు. పైన మాత్రం డబ్బు లేకుండా టీంలు బతకవు, ఆ మాట వెనక్కి తీసుకోను. ఇంతకీ మీవాడికిప్పుడు ఎంత వయసు?

టవర్‌క్లాక్:
17. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేస్తున్నాడు, సాయంత్రం బావ షాపులో ఉంటాడు. కట్టడి ఉన్న పోటీలో ఎప్పుడూ దిగలేదు తమ్ముడూ, అలాంటివి ఉన్నాయని మాకు చెప్పినవాడే లేడు. దక్షిణాదిలో ఎక్కడ జరుగుతాయో, ఎంట్రీ ఫీజు ఎంతో తెలిస్తే ఇక్కడ పెట్టండి. పెట్రోల్ ఖర్చు నాది, ఈసారి నేనే తీసుకెళ్తా.